తడి గాలిలో తూచిన నక్షత్రం

నాంపల్లి స్టేషనుకు ఎదురు గల్లీలో అంజయ్య త్రాసులు బాగుచేసే గది ఉండేది. పెద్ద కాంటాలు అతను ముట్టేవాడు కాదు. కంసాలుల త్రాసులు, ముత్యాల వ్యాపారుల త్రాసులు, హోమియోపతి డాక్టర్లు పొడులు తూచుకునే చిన్న త్రాసులు, ఇవే అతని పని. ఆ గది పైనున్న వాటాలో నేను కిరాయికి ఉండేవాణ్ణి. సూది అటూ ఇటూ ఊగి నిలబడే దాకా అంజయ్య ఊపిరి వదిలేవాడు కాదు. ఎదురుగా కూర్చున్న మనకు కూడా తెలియకుండానే ఊపిరి బిగిసేది.

ఎవరైనా త్రాసు తెచ్చి ఇది తప్పు చూపిస్తున్నదంటే వెంటనే నమ్మేవాడు కాదు. కుడి పళ్ళెంలోది ఎడమకు, ఎడమ పళ్ళెంలోది కుడికి మార్చి మళ్ళీ తూచేవాడు. రెండుసార్లూ ఒకే లెక్క వస్తే త్రాసు మంచిదే. "త్రాసుది తప్పు లేదు. తూచేటోనిదే" అని, తెచ్చినవాడి మొహం చూడకుండా చెప్పేవాడు.

తులాలూ మాషాలూ పోయి గ్రాములు వచ్చిన రోజుల్లో అతనికి ముప్పై ఏళ్ళు దాటాయి. తండ్రి దగ్గర గురిగింజలతో నేర్చిన లెక్కనంతా మనసులోనే మిల్లీగ్రాముల్లోకి మార్చుకున్నాడు. అది కష్టం కాలేదు. కష్టమంతా లైసెన్సు దగ్గర వచ్చింది. బాగుచేసిన త్రాసు మీద సర్కారు ముద్ర పడాలంటే, బాగుచేసినవాడికి లైసెన్సు ఉండాలి. అంజయ్య మూడుసార్లు అర్జీ పెట్టాడు. చదువు కాగితమేదీ జత చేయలేదని మూడుసార్లూ తిరిగి వచ్చింది. చదువు ఉంటే కదా జత చేయడానికి. కాబట్టి పన్నెండేళ్ళుగా అతను బాగుచేసిన త్రాసులన్నీ గౌలిగూడలో లైసెన్సు ఉన్న ఒక దుకాణం పేరు మీద ముద్ర వేయించుకుంటున్నాయి. ఆ దుకాణదారుకు ఏ పళ్ళెం దిగితే ఏ వైపు బరువో కూడా తెలియదని నేనంటే అంజయ్య ఒప్పుకోలేదు.

"గంత అన్యాయం మాట్లాడొద్దు తమ్మీ. గది మాత్రం తెలుసు" అన్నాడు.

ఈ దేశంలో చేతికి వచ్చిన పని కంటే చేతిలో ఉన్న కాగితానికే మర్యాద అని నాకు అప్పటికే తెలుసు. ఇంటర్మీడియెట్ తప్పి, ఆదివారం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని చదివేవాణ్ణి నేను. అంజయ్య మాత్రం ఎవరినీ తిట్టేవాడు కాదు. నాలుగోసారి అర్జీ పెట్టాడు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు వామన్‌రావు కొంచెం నయం. "చదువుకున్నోల్లు ఎవరన్న, ఏ కాలేజోల్లన్న, నీ తూకం నమ్మొచ్చని రాసిస్తే తే. ఫైలు నేను పైకి పంపుత" అన్నాడట. తాను తూచిన తూకం తన పేరు మీద చెల్లాలని, అంజయ్యకు ఇక మిగిలిన కోరిక అదొక్కటే.

1970 మార్చిలో సోమయాజులుగారు ఆ గల్లీకి వచ్చారు. ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. గోదావరి వైపు కుటుంబం. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాది తండ్రి ఉద్యోగంతో పాటు ఇక్కడికి వచ్చేశారు. రిక్షాలో, ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు గాజుపెట్టెలో ఉన్న త్రాసును పెట్టుకుని దిగారు. దాని మధ్యలో, పళ్ళేలు వేలాడే దండె ఆనే చోట, అకీకు అనే గట్టి రాయి అంచు పెచ్చులూడింది.

"మార్చగలరా అంజయ్యగారూ? బొంబాయి పంపాలంటే ఏడాది పడుతుంది."

"రాయి దొరకాలె సార్. దొరికితే పదిరోజులు. దొరకకుంటే దొరికినంక పదిరోజులు."

చార్మినార్ దగ్గర ఉంగరాల రాళ్ళు సానపట్టేవాడి దగ్గర దొరికింది. అంచు తీయడానికి పదకొండు రోజులు పట్టింది. సోమయాజులుగారు పరీక్ష చేయడానికి ఒక చిన్న కాగితం తూచి, దాని మీద ఇంకుతో సంతకం చేసి, ఆరనిచ్చి మళ్ళీ తూచారు. సూది సంతకం బరువు చూపించింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మీతో ఒక పని ఉంది. ఒక నక్షత్రాన్ని తూచాలి."

అంజయ్య నా వైపు చూశాడు. నేను గడపలో కూర్చుని ఉన్నాను. నాకూ అర్థం కాలేదు. లోపల మిషను కుడుతున్న అతని భార్య జయమ్మ పెడలు ఆపింది.

సోమయాజులుగారు సున్నపు గోడ మీద పెన్సిలుతో రెండు సున్నాలు గీశారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. "ఇవి జంట నక్షత్రాలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఈ చిన్నది ఆరిపోయిన ముసలి నక్షత్రం. కానీ మహా బరువు. దాని మట్టి గుప్పెడు తెచ్చి ఒక పళ్ళెంలో పెడితే రెండో పళ్ళెంలో రైలింజను పెట్టాలి. ఇది పక్కదాని గ్యాసును లాక్కుంటూ ఉంటుంది. వేల ఏళ్ళు. అదంతా పైన పేరుకుని ఒకనాడు భగ్గుమంటుంది. దాన్ని నోవా అంటారు."

"పక్కింటోల్లది తిని తిని అరగక పేలిందన్నట్టు" అంది జయమ్మ లోపల్నుంచి.

"అంతేనమ్మా."

"సచ్చిపోయిందా మరి?"

"లేదు. పై పొర ఎగిరిపోయింది. నక్షత్రం అట్లాగే ఉంది. మళ్ళీ తినడం మొదలెడుతుంది."

"మా మల్లన్న లెక్కనే" అంది జయమ్మ. మల్లయ్య ఆమె అన్న. ఉస్మాన్‌గంజ్‌లో దడ్వాయి, అంటే హోల్‌సేలు సరుకు తూచే మనిషి. ప్రతి ఆదివారం భోజనానికి వస్తాడు.

సోమయాజులుగారు నవ్వి మళ్ళీ గోడ వైపు తిరిగారు. "ఇది ఫిబ్రవరిలో పేలింది. ఇప్పటికే వెలుగు తగ్గిపోయింది, ఇక కంటికి కనపడదు. కానీ ఆ ఎగిరిన పొర ఉబ్బుతూ పోతోంది. దాన్నుంచి రేడియో అలలు వస్తాయి. పొర ఉబ్బినకొద్దీ అలల బలం పెరుగుతుంది. వెలుగు ఆరిపోయాక నెలల తరబడి పెరుగుతుంది."

"పాట వినొస్తదా సార్?" అన్నాడు అంజయ్య.

"పాట రాదు. కలం కదులుతుంది."

ఆయన విదేశంలో ఒక రేడియో దూరదర్శిని దగ్గర రెండేళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడి స్నేహితులు ఆ నోవాను పగలనక రాత్రనక వింటున్నారు. ఆ అలలకు పగలూ రాత్రీ ఒకటే. దూరదర్శిని ఆ నక్షత్రం మీదుగా జరిగినప్పుడల్లా ఒక కలం కదిలే కాగితపు చుట్ట మీద గీత గీస్తుంది. నక్షత్రం ఎదురుకాగానే గీత ఎద్దు మూపులాగా లేచి దిగుతుంది. మూపు ఎంత పెద్దదైతే అలలు అంత బలం. ఆ చుట్టల నకళ్ళు విమానం టపాలో ఈయనకు పంపుతామన్నారు. మూపుల పరిమాణం కొలిచే పరికరం కాలేజీలో విరిగిపోయి ఉంది. కొత్తది కావాలని పెట్టిన అర్జీ రెండేళ్ళుగా ఏదో బల్ల మీద ఉంది. అంజయ్య అర్జీకి అదొక చుట్టం.

"పరికరం లేకపోతే పాత పద్ధతి ఒకటుంది" అన్నారు సోమయాజులుగారు. "మూపును ఒకే రకం కాగితం మీదికి దించి, గీత వెంట కత్తిరించి తూచాలి. కాగితం అంతటా ఒకే మందం కాబట్టి బరువే పరిమాణం. కత్తెర ఏ మాత్రం గీత దాటకూడదు. త్రాసు ఏ మాత్రం అబద్ధం చెప్పకూడదు."

"కత్తెర సంగతి నేను జూస్త" అంది జయమ్మ బయటికి వచ్చి. "జాకిట్ మెడ కోసినట్టే గద."

అంజయ్య వెంటనే ఒప్పుకోలేదు. చేతులు తుడుచుకుని, లైసెన్సు సంగతి చెప్పి, "పని మంచిగైతే ఒక కాగితం రాసిస్తరా సార్?" అని అడిగాడు.

"పని మంచిగైతే నా చేత్తో రాస్తాను."

అబిడ్స్‌లో ఒక కాగితాల దుకాణంలో ఒకే కట్ట దించి తెచ్చారు. గాజుపెట్టె త్రాసు అంజయ్య గదిలోనే ఉంచి, మే నెల నుంచి పని మొదలుపెట్టారు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు పార్సెలు రాగానే సోమయాజులుగారు సరాసరి ఇక్కడికే తెచ్చేవారు. ఒక్కొక్క పార్సెల్లో ఇరవై మూపులు. ఆయన దించేవారు, జయమ్మ కత్తిరించేది, అంజయ్య తూచేవాడు. తూచిన ముక్కలను ఆ పార్సెలు తేదీ వేసిన ఖాకీ కవరులో పెట్టి రేకుడబ్బాలో దాచేవాడు.

మొదటి పార్సెలు ముక్కల సగటు అరవై ఒక్క మిల్లీగ్రాములు. రెండోది తొంభై ఆరు. జూన్‌లో వచ్చింది నూట నలభై ఎనిమిది. కంటికి కనపడని ఆ చుక్క గల్లీలో పెరుగుతోంది. జయమ్మ జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళకు ముక్కలు చూపించి, "సూడు, మొన్న గింతుండె, ఇప్పుడు గింతైంది" అని, పక్కింటి పిల్ల పెరిగినట్టు చెప్పేది. వాళ్ళు ఆమెకు మతి పోయిందేమోనని చూసేవాళ్ళు.

జూలై మొదట్లో రెండువందల తొమ్మిది. తర్వాత జోరు తగ్గింది. ఆగస్టులో రెండువందల పదమూడు. సెప్టెంబరులో రెండువందల పదిహేడు. మెల్లగానైనా పెరుగుతూనే ఉంది. సోమయాజులుగారి ఉత్సాహం చెప్పనలవి కాదు.

"పెరగడం ఎప్పుడు ఆగితే అప్పటికి పొర పల్చబడిందని లెక్క. ఇది ఇంకా ఆగలేదు. అంటే ఎవరూ అనుకోనంత గ్యాసు ఎగిరిందన్నమాట. అంజయ్యగారూ, దీని మీద ఒక వ్యాసం రాశాను. బొంబాయిలో శాస్త్రవేత్తల సభకు సోమవారం పోస్టు చేస్తున్నాను."

ఆ శనివారమే ఆయన అంజయ్యకు ఉత్తరం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. అంజయ్య నా చేత చదివించుకున్నాడు. ఈయన ఐదు నెలలుగా మిల్లీగ్రాముల తూకం తూస్తున్నాడు, ఆ తూకంలో దోషం లేదని నేను పూచీ పడుతున్నాను, అని సారాంశం. వామన్‌రావు సోమవారం పదకొండు గంటలకు రమ్మన్నాడు. అంజయ్య ఆ ఉత్తరాన్ని మడత పడకుండా పంచాంగంలో పెట్టి, పంచాంగాన్ని దేవుడి పటం ముందు పెట్టాడు.

ఆదివారం మల్లయ్య వచ్చాడు. ఆ పూట నేను గదిలో లేను, సంగతంతా జయమ్మ తర్వాత చెప్పింది. నాలుగు రోజులుగా వాన తెరిపి లేదు. భోజనం చేసి, గోడకు చేరగిలబడి ఉస్మాన్‌గంజ్ సంగతులు మొదలుపెట్టాడు.

"ఈ వానల కాంట ముందట నిలబడుడంటే పెద్ద లొల్లి బావా. ఎండకాలంల నూరు కిలోలు నింపిన చింతపండు బస్త ఇయ్యాల తూస్తె నూటఏడు. కొనేటోడు నీళ్లు గొట్టినవంటడు. అమ్మేటోడు నేనేం గొట్టలే, గాలే గొట్టిందంటడు. ఇద్దరు కలిసి నన్ను తిడ్తరు."

"నువ్వేమంటవ్?" అంది జయమ్మ.

"నేనేమంట. గాలిని పిలిచి అడుగుమంట." మల్లయ్య రేకుడబ్బా మీద చెయ్యి వేశాడు. "గా కవర్లల్ల ఏమున్నయ్? చుక్క ముక్కలేనా? కాగితాలేగద. గోడకున్న క్యాలెండర్ సూడు, తడికి ఎట్ల ఉబ్బిందో."

అతనికి అది మాటవరసకు అన్న మాట. అంజయ్య కూర్చున్నచోటి నుంచి లేచాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అంజయ్య తూచింది బంగారం. ముత్యాలు. రాళ్ళు. ఇత్తడి బరువులు. అవి ఏ కాలంలో తూచినా ఒకటే. గురిగింజ కూడా నీళ్ళలో వేసినా పీల్చదు, అందుకే కంసాలి దాన్ని నమ్ముతాడు. తూచే వస్తువు తనంతట తాను బరువెక్కుతుందన్న ఊహ అతనికి ఎప్పుడూ అవసరం పడలేదు. చింతపండు తూచేవాడికి ఇది ఓనమాలు. బంగారం తూచేవాడికి జీవితంలో ఎన్నడూ ఎదురుకాని సంగతి.

జూలై కవరు తీశాడు. ముక్కలు ఒక్కొక్కటి తూచాడు. మొత్తం ఇరవై. సగటు రెండువందల పదిహేడు. కవరు మీద తన కోసం తాను వేసుకున్న అంకె రెండువందల తొమ్మిది. పళ్ళేలు మార్చాడు. మళ్ళీ రెండువందల పదిహేడే, సరిగ్గా సెప్టెంబరు అంకె. త్రాసుది తప్పు లేదు.

"బావా, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అన్నాడు మల్లయ్య భయపడి.

"లే. నువ్వు మాట్లాడిందే సరి." అంజయ్య పీట మీద కూర్చుండిపోయాడు. "జూలై నుంచి ఆ చుక్క పెరుగుతలేదు కావచ్చు. కాగితం తడి పీల్చి బరువెక్కుతున్నది."

జయమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పంచాంగం వైపు చూసింది.

"ఏమయ్యా, రేపు గా ఉత్తరం ఇచ్చి లైసెన్సు సంగతి జూస్కో. ఎల్లుండి సార్‌కు చెప్పు. ఒక్క దినం ఆగితె చుక్క యేడికి పోదు."

"సార్ రేపే పోస్టు చేస్తడు."

"జేస్తె జెయ్యనీ. మల్ల ఇంకోటి రాస్కుంటడు. పన్నెండేండ్లు జూసినం. నువ్వు తూచిన త్రాసు మీద ఇంకోని పేరు గొట్టుడు నేను జూసిన్న లేదా?"

ఆమె అన్నది తప్పు అని అంజయ్య అనుకోలేదనే నా నమ్మకం. అయినా పంచాంగంలోంచి ఉత్తరం తీశాడు.

"జయా, దీంట్ల ఏం రాసిండు? నా తూకంల దోషం లేదని రాసిండు. నిన్నటి దాంక గది నిజం. ఇయ్యాల నాకు తెలిసినంక అబద్ధం. అబద్ధం జూపిచ్చి తూకం లైసెన్సు ఎట్ల తెచ్చుకోవాలె?"

ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కొంచెం గట్టిగానే సర్దింది. కానీ గొడుగు తెచ్చి ఇచ్చింది కూడా ఆమే.

ఆదివారం మధ్యాహ్నం సోమయాజులుగారు ఎక్కడ ఉంటారో అంజయ్యకు తెలుసు. నాకూ తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడే ఉన్నాను. తుంపర పడుతున్నా అబిడ్స్‌లో పుస్తకాలవాళ్ళు దుకాణం ఎత్తరు. మూసి ఉన్న షాపుల చూరు కింద టార్పాలిన్లు కట్టి, పుస్తకాలు లోపలికి జరుపుతారు. సోమయాజులుగారు వంగి అట్ట లేని పుస్తకం ఒకటి చూస్తున్నారు. అంజయ్య వచ్చి గొడుగు ముడిచి, రెండు చేతులతో ఉత్తరం ముందుకు చాపాడు.

"ఏమిటిది? అందులో ఏమన్నా తప్పుందా?"

"రాసినదాంట్ల లేదు సార్. నాల ఉన్నది."

సంగతంతా చెప్పాడు. సోమయాజులుగారి మొహం చూడలేక నేను చేతిలో పుస్తకం తిరగేశాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది.

"వ్యాసం టైపు కొట్టించాను. మా హెడ్డుకు చూపించాను. పెరుగుతోందని ఊరందరికీ చెప్పాను. కాగితం తడి పీలుస్తుందని ఐదు నెలలకు చెబుతారా?"

"ఇయ్యాల్నే తెలిసింది సార్."

"మీకు తెలియకపోతే సరే. నేను ఫిజిక్సు చదువుకున్నాను. నాకు తెలియొద్దూ?" ఆయన గొంతు తగ్గింది. కోపం వచ్చినచోటే చల్లారింది. ఆ పూట నాకు ఆయన మీద గౌరవం పుట్టింది. చదువుకున్నవాళ్ళు తమ మీద తాము కోపం తెచ్చుకోవడం నేను ఎక్కువగా చూడలేదు. "ఇప్పుడు ఏం చేయడం? ఎండ వచ్చే దాకా ఆగి తూయాలా?"

"అక్కర లేదు సార్. కవర్లన్నీ దాచిన. మొదటిది మొదలు ఆఖర్ది దాంక అన్నీ ఇయ్యాల్నే తూద్దాం. ఒక్క దినం, ఒక్క గాలి. తడి పీలిస్తే అన్నీ ఒక్కతీరుగ పీలుస్తయ్. అప్పుడు దేనికది తేడా తెలుస్తది."

సోమయాజులుగారు పుస్తకాన్ని దొంతి మీద పెట్టి అంజయ్య గొడుగులోకి వచ్చేశారు.

గదికి వచ్చాక అంజయ్య ఇంకొక జాగ్రత్త చెప్పాడు. తూకం సాయంత్రం దాకా సాగుతుంది, ఆ లోగా వాన ఆగి గాలి మారితే? అందుకని జయమ్మ అదే కట్టలోని కాగితంతో ఒక చదరపు ముక్క కోసింది. దాని మీద ఏ గీతా లేదు. మొదట ఒకసారి, తర్వాత ఇరవై ముక్కలు తూచినప్పుడల్లా ఒకసారి దాన్ని తూయాలి. దాని బరువు కదలకపోతే గాలి కదలనట్టు. మల్లయ్య దానికి సాక్షి అని పేరు పెట్టాడు. తలుపు దగ్గర కూర్చుని, లోపలికి వచ్చేవాళ్ళను ఆపే పని తనే తీసుకున్నాడు. "బంద్. లోపల చుక్క తూకమైతున్నది" అని అందరికీ చెప్పాడు. తూకం పూర్తయ్యేసరికి గల్లీలో సగం మంది తలుపు దగ్గరే ఉన్నారు.

ఆరు కవర్లు. నూట ఇరవై ముక్కలు. అంజయ్య అంకె చెబితే సోమయాజులుగారు రాసుకున్నారు. సాక్షి ఏడుసార్లు తూగింది, ఏడుసార్లూ ఒకటే. సాయంత్రం దీపం వెలిగించే వేళకు ఆయన సగటులు కట్టారు. మొదటి మూడూ వెనుకటికంటే కాస్త పెరిగాయి, కానీ వాటి మధ్య దూరం దాదాపు అలాగే ఉంది. అరవై నాలుగు, నూట ఒకటి, నూట యాభై నాలుగు. నక్షత్రం నిజంగానే పెరిగింది. తర్వాత జూలై, రెండువందల పదిహేడు. ఆగస్టు, రెండువందల పదహారు. సెప్టెంబరు, రెండువందల పదిహేడు.

అంజయ్య తల వంచుకుని ఉన్నాడు. జయమ్మ అతని వెనక నిలబడి ఉంది.

"ఆగిపోయింది" అన్నారు సోమయాజులుగారు. కాసేపు ఆ మూడు అంకెలనే చూశారు. తర్వాత మెల్లగా, తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు అన్నారు. "జూలైలో ఆగిపోయింది. అంటే జూలైకే పొర పల్చబడింది. జయమ్మగారూ, ఎప్పుడు ఆగుతుందా అనేగా ఇన్నాళ్ళూ చూసింది. ఆగిన సంగతి మన చేతిలో పెట్టుకుని, ఆగలేదని రాశాను."

"మరి మంచిదా చెడ్డదా?" అంది జయమ్మ.

"నా వ్యాసానికి చెడ్డది. నిజానికి మంచిది. తేదీ దొరికింది. ఈ తేదీ లేకపోతే ఎగిరిన గ్యాసు ఎంతో ఎవరూ చెప్పలేరు." టైపు కాగితాలు సంచిలోంచి తీసి, రెండు పేజీలు అడ్డంగా కొట్టేశారు. "బొంబాయి వాళ్ళకు వారం ఆలస్యమవుతుందని టెలిగ్రాం ఇస్తాను. వాళ్ళు తిడతారు. తిట్టనీండి."

వెళ్ళబోతూ ఆగి, అంజయ్య దగ్గర పాత ఉత్తరం తీసుకుని చింపేశారు. జయమ్మ వంగి ఆ ముక్కలు ఏరసాగింది. ఆయన అక్కడే బల్ల మీద, నా దగ్గర కలం తీసుకుని, ఇంకొకటి రాశారు. ఈసారి తెలుగులో రాశారు, అంజయ్య కూర్చుని వినాలని. "ఈయన తూకంలో ఒక దోషం జరిగింది. దాన్ని పట్టుకున్నది ఈయనే. దాచితే తనకు లాభమని తెలిసిన రోజున నా దగ్గరికి వచ్చి చెప్పాడు. దిద్దే ఉపాయం కూడా ఈయనదే. ఇంతకంటే నమ్మదగిన తూకం నేను ఎరగను." సంతకం పెట్టి తేదీ వేశారు.

సోమవారం వామన్‌రావు ఆఫీసులో జరిగింది అంజయ్య చెప్పగా విన్నదే. వామన్‌రావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడట.

"ఏందయ్యా, అందరు మంచి రాయించుకొస్తరు. నువ్వు నీ తప్పు రాయించుకొచ్చినవ్."

"సార్ గట్లనే రాసిండు. ఉన్నదే రాసిండు."

"చుక్కను తూచినవా?"

"కాగితాన్ని తూచిన సార్. చుక్క లెక్క సార్‌కు తెలుసు."

వామన్‌రావు బీరువా మీది నుంచి దుమ్ము పట్టిన త్రాసు ఒకటి దింపించి బల్ల మీద పెట్టాడు. ఏడాదిగా సూది కుదురుగా నిలబడటం లేదట. "చూడు" అన్నాడు. అంజయ్య ముందు లేచి కిటికీ మూశాడు. ఫ్యాను ఆపమన్నాడు. సూది నిలబడింది. ఆఫీసులో ఉన్న నలుగురు గుమాస్తాలూ చెమటలు తుడుచుకుంటూ ఆ సూదినే చూశారు. వామన్‌రావు ఫైలు మీద సంతకం పెట్టి, "గిదొక్కటి ముందే ఎవడన్న చెప్తే అయిపోతుండె" అన్నాడట.

పదిహేను రోజులకు లైసెన్సు టపాలో వచ్చింది. పేరు పక్కన నంబరు. ఆ నంబరు చెక్కిన చిన్న ఉక్కు అచ్చు చేయించుకున్నాడు అంజయ్య. మొదటిసారి దాన్ని సుల్తాన్‌బజారు కంసాలి ఒకాయన త్రాసు దండె మీద పెట్టి సుత్తితో కొట్టాడు. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. జయమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసి, "నంబరు జర వంకర పడ్డది" అంది. నిజంగానే కొంచెం వంకరగా ఉంది. అంజయ్య త్రాసును కొక్కేనికి తగిలించి, రెండు పళ్ళేలూ ఖాళీగా వదిలి, ఊపిరి బిగబట్టి సూదిని చూశాడు. నడిమధ్యలో నిలబడింది.

"తూకం వంకర లేదు గద" అని ఊపిరి వదిలాడు.